కడపలో ఎవరికైనా ఇంటి లోన్ వడ్డీ సబ్సిడీ నిజంగా పడిందా?
అన్నా, అక్కా, తెలిసినవాళ్లు చెప్పండి. కడపలో ఇల్లు చూసుకున్నాం, ధర 35 లక్షల లోపే, మా ఇద్దరి ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటదు, ఇంకెక్కడా సొంతిల్లు లేదు, కాబట్టి పీఎంఏవై అర్బన్ 2.0 (పట్టణాల్లో సొంతింటికి కేంద్రం ఇచ్చే పథకం) వడ్డీ సబ్సిడీకి అర్హత ఉన్నట్టే. వచ్చేది గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. బ్యాంకులో అడిగితే దరఖాస్తులు చాలా ఉన్నాయి, పైనుంచి నిధులు వస్తే చూద్దాం అంటున్నారు. ఇంతకుముందు ఇట్లాగే వడ్డీ సబ్సిడీ ఇచ్చిన పాత పథకం సీఎల్ఎస్ఎస్ 2022 మార్చితో ఆగిపోయింది కదా, అదే టెన్షన్. ఇప్పుడే లోన్ తీసుకుంటే వరుసలో ముందుంటామా, నిధులు అయిపోతే ఇక అంతేనా?

ఇంకోటి, సబ్సిడీ వాయిదా విడుదలయ్యే నాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలట. మా మామ చేను అమ్మి తొందరగా కట్టేద్దాం అంటున్నాడు (ఆయనకు అప్పంటే పడదు). అట్లా కడితే మిగతా వాయిదాలు పోయినట్టేనా? కర్నూలు, అనంతపురం వాళ్లయినా సరే, మొదటి వాయిదా ఎన్ని నెలలకు పడిందో చెప్పండి.