యూపీఎస్ గదిలో మంట వస్తే ఏ సిలిండర్ తీయాలి? మీటరు లేనిది పనిచేస్తుందా?

అమీర్‌పేట అడ్మిన్:
మాది మూడో అంతస్తులో చిన్న ఆఫీసు, నలభై మందిమి. అడ్మిన్ పనులతో పాటు ఇప్పుడు ఫైర్ సేఫ్టీ కూడా నా నెత్తినే పడింది. గోడకి రెండు రకాల ఎర్ర సిలిండర్లున్నాయి. ఒకదానికి మీటరుంది, ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. రెండోది మహా బరువు, నల్లటి బాకా లాంటి మూతి, మీటరే లేదు. వెండర్ కుర్రాడు స్టిక్కర్లు అంటించి సంతకం పెట్టి పోయాడు, ఎలా వాడాలంటే "పిన్ లాగి నొక్కడమే సార్" అన్నాడు, అంతే. యూపీఎస్ గదికి ఏది? మీటరు లేనిది ఖాళీ అయితే నాకెలా తెలుస్తుంది? పాంట్రీలో ఇండక్షన్ స్టవ్ కూడా ఉంది.

గాజువాక గురుడు:
మీటరు లేనిది కార్బన్ డయాక్సైడ్ అండి. లోపల ద్రవంగా ఉంటుంది, అది మొత్తం అయిపోయేదాకా ప్రెషర్ పెద్దగా తగ్గదు కాబట్టి మీటరు పెట్టినా లాభం లేదు, తూకం వేసే చూడాలి. ఖాళీ బరువు సిలిండర్ మీదే కొట్టి ఉంటుంది. గ్యాస్ పది శాతం కన్నా ఎక్కువ తగ్గితే రీఫిల్‌కి పంపాలి. మీ వెండర్ కాటా తెచ్చాడా? తేకపోతే ఆ సంతకానికి విలువ లేదు.

మీటరున్నది ఏబీసీ పౌడర్. కాగితాలు, ఫర్నిచర్, పెట్రోలు, కరెంటు, అన్నిటికీ పనికొస్తుంది గానీ ఆ పొడి సర్క్యూట్ బోర్డుల్లోకి పోతే తుప్పు పట్టించేస్తుంది, మంట ఆరినా సర్వర్ పోయినట్టే. అందుకే యూపీఎస్‌కి, ప్యానెల్ బోర్డుకి కార్బన్ డయాక్సైడే. ముందు మెయిన్ ఆపండి, తర్వాత తలుపు దగ్గరే నిలబడి కొట్టండి, గది లోపలికి దూరితే మీకే ఊపిరాడదు. బాకాని చేత్తో పట్టుకోకండి, చల్లదనానికి చర్మం పోతుంది. ఆరేడు అడుగుల దూరం నుంచి మంట అడుగుకి గురిపెట్టి అటూ ఇటూ ఊపాలి. చాలామంది పైకెగసే మంట మీదే కొడతారు, ఏ సిలిండరైనా పది ఇరవై సెకన్లలో అయిపోతుంది, తర్వాత చేతిలో ఉత్త డబ్బా.

మెట్ల మీదే వెళ్తా:
ఆ యూపీఎస్‌లో లెడ్ యాసిడ్ బ్యాటరీలా, లిథియమా చూసుకో బ్రో. లిథియం అయితే పైమంట ఆరినట్టే ఆరి మళ్ళీ అంటుకుంటుంది, బోలెడు నీళ్ళతో చల్లబరచాలి, అది ఫైర్ వాళ్ళ పని. నువ్వు అందర్నీ బయటికి పంపి తలుపు మూసి 101కి కొట్టు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ షోరూంలో మంటలొస్తే పై లాడ్జిలో 8 మంది పోయారు. తర్వాతి మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, కుర్ర ఉద్యోగులు, పొగకి ఊపిరాడకే. అందుకే సిలిండర్ల కన్నా ముందు నేనడిగేది, మీ రెండో మెట్లదారి ఎలా ఉంది?

అమీర్‌పేట అడ్మిన్:
ఇప్పుడే చూసొచ్చా. తాళం. ఇవతల విరిగిన కుర్చీలు, వాటర్ క్యాన్లు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరట, అతను రాత్రి డ్యూటీ.

మెట్ల మీదే వెళ్తా:
చూశావా! ఇవాళే తీయించు, ఓనర్ గొణిగితే గొణగనీ.

వంటింటి వైద్యం:
పాంట్రీ సంగతి ఎవరూ చెప్పలేదే. నూనె అంటుకుంటే స్విచ్ ఆపి మూత పెట్టండి, లేదా ఫైర్ బ్లాంకెట్ కప్పండి. నీళ్ళు అస్సలు వద్దు, కార్బన్ డయాక్సైడ్ విసురుకి కూడా మండే నూనె చిమ్ముతుంది.

గాజువాక గురుడు:
అడ్మిన్ గారూ, ఇంకోటి. ఒక్కసారి కాస్త నొక్కి చూసినా ఆ సిలిండర్‌ని మళ్ళీ గోడకి తగిలించొద్దు, వాల్వులో పొడి ఇరుక్కుని ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది. ఎలాగూ రీఫిల్‌కి పోయేవి ఉంటాయి కదా, వాటిని మీ వాళ్ళచేతే కింద పార్కింగ్‌లో ఖాళీ చేయించండి, ఆ రోజు వెండర్‌ని పక్కనే ఉండమనండి. ఆడపిల్లల చేత కూడా పట్టించండి, బరువెంతో తెలియాలి.