ఐసీయూ నుంచి వచ్చి ఏడు వారాలైనా నాన్న కుర్చీలోంచి లేవలేకపోతున్నారు

నాన్నకి 61 ఏళ్లు. న్యుమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) వరకు వెళ్లి 19 రోజులు ఐసీయూలో ఉన్నారు, అందులో 11 రోజులు వెంటిలేటర్ మీదే. డిశ్చార్జి అప్పుడు చేతులు, కాళ్ల బలం కొలిచే ఎంఆర్‌సీ స్కోరు 60కి 38 అన్నారు, 48 కన్నా తక్కువుంటే ఐసీయూ వల్ల వచ్చిన నీరసమే అని చెప్పారు. ఇప్పుడు 44.

చేతులు బాగానే తేరుకున్నాయి, గ్లాసు తనే పట్టుకుని తాగుతున్నారు. కాళ్లే, రెండూ ఒకేలా బలహీనంగా ఉన్నాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నడుము కాస్త పైకి లేపుతారు, అంతలో తొడలు వణికి మళ్లీ కూలబడిపోతారు. పక్కన పట్టుకుంటే మాత్రం వాకర్‌తో పదడుగులు వేస్తారు.

వారానికి మూడుసార్లు ఫిజియో వస్తున్నారు, అరగంట. రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు పెడుతున్నాం. కుర్చీ మీద దిండ్లు వేసి ఎత్తు పెంచితే లేవగలుగుతున్నారు, కానీ మూడు వారాలుగా ఒక్క దిండు కూడా తగ్గించలేకపోయాం. షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. చూస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు, ఫిజియోలు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ దశలో ఆగిపోయినప్పుడు, మామూలు ఎత్తు కుర్చీలోంచి సొంతంగా లేవడానికి ఏ వ్యాయామం, రోజుకి ఎన్నిసార్లు చేయిస్తే మీకు పనిచేసింది?