వర్డ్ 2003లో తెలుగు జాబితా అకారాది క్రమంలోకి రావడం లేదు

మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా వర్డ్ 2003 టేబుల్‌లో ఉంది. మూడు కాలమ్‌లు: నంబరు, పుస్తకం పేరు, రచయిత. టైప్ చేసింది యూనికోడ్‌లో (తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే పద్ధతి) కాదు, పాత డీటీపీ ఫాంటులో (ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు రూపాలు తొడిగిన ముద్రణ ఫాంటు). ఫాంటు ఏరియల్‌కి మారిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే.

టేబుల్ మెనూలో సార్ట్ తెరిచి పేరు కాలమ్, టెక్స్ట్, అసెండింగ్ ఎంచుకుంటే 'క'తో మొదలయ్యే పేర్లు ఒకచోట ఉండకుండా చెదిరిపోతున్నాయి. లోపలున్న ఇంగ్లిష్ కోడ్ ప్రకారమే వరుస పెడుతోందని నా అనుమానం. ఆప్షన్స్‌లో సార్టింగ్ లాంగ్వేజ్ తెలుగు చేసినా, కేస్ సెన్సిటివ్ టిక్ పెట్టినా మార్పు లేదు. ఒక కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారిస్తే వరుస బాగానే వచ్చింది, కానీ ఒత్తులు చెడిపోయాయి, కాలమ్‌లు కలిసిపోయాయి. పాఠకులు రోజూ వెతుక్కునే జాబితా కాబట్టి పేర్లలో తప్పులు ఉండకూడదు.

ఒత్తులు, టేబుల్ చెడకుండా ఈ ఫైలును యూనికోడ్‌లోకి ఎలా మార్చాలి?