కిమోనో మీద పోచంపల్లి ఇక్కత్ వేస్తే అది జపాన్ బట్టేనా?

హన్మకొండ పిక్సెల్:
స్కైరిమ్ అనే ఫాంటసీ వీడియో గేమ్‌కు ఒక బట్టల మోడ్ (ఆడేవాళ్ళు సొంతంగా చేసి ఆటకు చేర్చుకునేది) చేస్తున్నాను. జపాన్ తరహాలో ఆడవాళ్ళకు కిమోనో, మగవాళ్ళకు కిమోనో మీద నడుం నుంచి మడతలు మడతలుగా దిగే హకామా. బ్లెండర్‌లో మెష్ (బట్ట త్రీడీ ఆకారం) అయిపోయింది, ఔట్‌ఫిట్ స్టూడియోలో వెయిట్లు (ఏ ఎముక కదిలితే గుడ్డ ఎంత కదలాలో ఆ లెక్క) కూడా ఎక్కించాను. గొడవంతా టెక్స్చర్ (దాని మీద అతికించే డిజైన్ బొమ్మ) దగ్గర మొదలైంది. నెట్‌లో దొరికే చెర్రీపూల డిజైన్లు చూసి చూసి విసుగొచ్చి, అమ్మ పోచంపల్లి పట్టుచీర కొంగు స్కాన్ చేసి వేశాను. నా కంటికి ముద్దుగానే ఉంది. స్క్రీన్‌షాట్ పెట్టగానే ఒకాయన "ఇది జపాన్ కాదు, పెళ్ళి మండపం" అన్నాడు. ఫాంటసీ ఆటలో ఇట్లా కలపొచ్చా, కలపకూడదా? మొహమాటం లేకుండా చెప్పండి.

కరీంనగర్ కత్తి:
ఆ మాట అన్నది నేనే. ఇంకోసారి కూడా అంటాను. మోడ్ పేరులో జపాన్ అని ఉంది. దించుకునేవాడు జపాన్ చూద్దామనే దించుకుంటాడు. బిర్యానీ అని బోర్డు పెట్టి పులిహోర వడ్డిస్తే, పులిహోర ఎంత బాగున్నా తిట్లు తప్పవు తమ్మీ. వాళ్ళకు అలల వరసల సెయ్‌గైహా ఉంది, జనపనార ఆకుల అసనోహా ఉంది. అవి వాడు.

ఇంకో సంగతి. నీ బొమ్మలో అమ్మాయి కిమోనోకి కుడి అంచు పైకి వచ్చింది. కట్టుకున్న మనిషి ఎడమ అంచు పైన ఉండాలి. కుడిది పైకి వేసేది చనిపోయినవాళ్ళకు. ఈ కట్టు గురించి 719లోనే అక్కడ రాజాజ్ఞ వెలువడింది. పదమూడు వందల ఏళ్ళ పద్ధతి!

హన్మకొండ పిక్సెల్:
అయ్యో. ఎగుమతి చేసేటప్పుడు మెష్ అద్దంలో చూసినట్టు తిరిగిపోయింది, గమనించనే లేదు. అంటే ఊరంతా శవాలను తిప్పుతున్నానన్నమాట. ఈ రాత్రికే దిద్దుతాను.

భద్రకాళి గట్టు:
కత్తి అన్నా, డ్రాగన్లు ఎగిరే ఆటలో పద్ధతులేంటి? అదే ఆటలో అకవిర్ అనే కల్పిత ఖండం వాళ్ళ కత్తి ఉంది. చూస్తే అచ్చం జపాన్ కతానా కత్తి. దాని మీద జపాన్ అని ఎక్కడైనా రాశారా? కావలసింది తీసుకున్నారు, తమ పేరు పెట్టుకున్నారు. పిక్సెల్ కూడా పేరులోంచి జపాన్ తీసేస్తే సరి. గొడవ ఖతం.

కరీంనగర్ కత్తి:
పేరు తీసేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ తీయడు. జపాన్ అని వెతికేవాళ్ళకు దొరకాలిగా.

కొత్తవాడ మగ్గం:
రెండు రోజులుగా చదువుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు, నేను చదువుకుని మగ్గం వదిలేశాను. పేరులో మాత్రం ఉంచుకున్నాను.

ముందు కత్తి అన్నకు. ఇక్కత్ వేస్తే జపాన్ పోతుందని ఎవరు చెప్పారు? వాళ్ళకూ ఇదే పని ఉంది, కసురి అంటారు. నేయకముందే దారాన్ని లెక్క ప్రకారం ముళ్ళు కట్టి రంగులో ముంచడం, ముడి ఉన్నచోట తెల్లగా మిగలడం, నేసేటప్పుడు ఆ మచ్చలన్నీ కలిసి బొమ్మ కావడం. క్యూషూ దీవిలో కురుమె అనే ఊరి కసురి పేరుమోసింది. 1788లో పుట్టిన ఇనౌయె డెన్ అనే ఆవిడ చిన్నతనంలో పాతబడ్డ బట్ట మీద తెల్ల మచ్చలు చూసి, దారాలు విప్పి, ఆ మచ్చలు ఎట్లా వచ్చాయో తెలుసుకుని మొదలుపెట్టిందని చెబుతారు. పోచంపల్లిలో ఎవరికైనా ఈ కథ చెబితే "మా ఇంటి పిల్లేనా" అంటారు.

ఇక పిక్సెల్‌కు. చీర మీ అమ్మది, ఒప్పుకుంటా. కొంగు మీద ఆ లెక్క కట్టినవాళ్ళు వేరే. ఒక్క చీరకు ఆసు పోయాలంటే (ముళ్ళు కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే) చెయ్యి అటూ ఇటూ వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005 నుంచి ఉంది. ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరును. నా బాధ చట్టం గురించి కాదు. నువ్వు వివరణలో కిమోనో అని రాశావు, హకామా అని రాశావు, పోచంపల్లి అని ఒక్క ముక్క రాయలేదు. జపాన్ పేరు గౌరవంగా పలుకుతుంది, మన పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు.

హన్మకొండ పిక్సెల్:
తప్పే అన్నా. నామోషీ పడి కాదు, నిజంగా తట్టలేదు. ఇప్పుడే చేర్చాను.

కరీంనగర్ కత్తి:
కసురి సంగతి నాకు తెలియదు, వెతికి చూశాను. సగం ఒప్పుకుంటున్నా. సగమే! కురుమె కసురి నీలిమందు రంగులో ఉండే నూలు బట్ట. మనవాడు వేసింది ఎర్రంచు పట్టు. పని ఒకటే అయినా చూపు ఒకటి కాదు.

కొత్తవాడ మగ్గం:
మరో మాట, ఇందాక మరిచిపోయాను. నాన్నకు ఫోన్‌లో నీ బొమ్మ చూపించాను. ఎరుపూ నీలం, మనదీ వాళ్ళదీ, ఇవేవీ మాట్లాడలేదు. దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈ గుడ్డకు పడుగు ఎటు పోతుందిరా?" అన్నాడు. పడుగంటే నిలువు దారం. నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉందా?

వెర్టెక్స్ అక్క:
ఆయనకు దండం. ఇన్ని పోస్టుల్లో అసలు తప్పు పట్టుకున్నది ఆయనొక్కడే.

పిక్సెల్, నీ యూవీ (టెక్స్చర్ అతికించడానికి మెష్‌ను బల్లపరుపుగా విప్పిన పటం) తెరిచి చూశాను. ఒంటిని గొట్టంలా విప్పి, దాని చుట్టూ కొంగును ఒకే బొమ్మగా చుట్టావు. అందుకే కొంగు మీది డైమండ్లు ఛాతీ దగ్గర ఉబ్బాయి, నడుం దగ్గర నలిగాయి. నేసిన గుడ్డ అట్లా సాగదు. సాగేది బనీను. నువ్వు కసురి వేసినా అసనోహా వేసినా ఇదే కంపు వస్తుంది. పోచంపల్లిని తిట్టి లాభం లేదు.

కిమోనో ఎట్లా కుడతారో చూడు. గుడ్డ వెడల్పు 36 నుంచి 38 సెంటీమీటర్లే, పొడవు సుమారు 12 మీటర్లు. ఒంటి కొలతకు వంపులు కత్తిరించరు, అన్నీ నిలువు పట్టీలే. ఒక పట్టీ ముందు వైపు కింది అంచు దగ్గర మొదలై భుజం మీదుగా వెనక్కి దిగి మడమ దాకా పోతుంది. భుజం మీద కుట్టు ఉండదు. ఇటువంటివి రెండు, వీపు మధ్యలో కుట్టు. ముందు అంచులకు చెరో సగం వెడల్పు పట్టీ, మెడకు ఒకటి, చేతులకు రెండు దీర్ఘచతురస్రాలు. అంటే నీకు యూవీ అక్కడి దర్జీలు ఎప్పుడో విప్పి పెట్టారు. ఒంటిని మరిచిపో. పట్టీలు పట్టీలుగా సూటిగా పరుచు, పడుగు ప్రతి పట్టీలో నిలువుగా పోనీ. వీపు కుట్టు దగ్గర డిజైన్ కలవకపోతే కలపకు, నిజం బట్టలో కూడా తెగినట్టే కనిపిస్తుంది.

మీ అమ్మ కొంగులో చిలకలున్నాయి కదా. అవి ముందు నిటారుగా నిలబడితే, భుజం దాటాక వీపు మీద తలకిందులుగా వేలాడతాయి. అందుకే ఒళ్ళంతా డిజైన్ ఉండే కిమోనోల్లో ఎటు తిప్పినా ఒకేలా కనిపించే ఆకృతులు ఎక్కువ. చిలకలు తీసేయ్, డైమండ్లు ఉంచు. అంచులు మసకగా ఉండాలని బ్లర్ కొట్టావు, అది కూడా తీసేయ్. ఇక్కత్ మసక దారం వెంటే పోతుంది. పేకకు (అడ్డ దారానికి) మాత్రమే రంగు కట్టి ఉంటే మసక అడ్డంగానే ఉండాలి. నీది నాలుగు వైపులా నూనె చుక్కలా పాకింది.

మిగతావి చిన్నవి. నార్మల్ మ్యాప్‌లో (గుడ్డ ఎత్తుపల్లాలు చూపే బొమ్మలో) ఆకుపచ్చ ఛానెల్ తిరగబడింది, ఈ ఆటకు డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి కావాలి. 4096 పిక్సెల్‌ల టెక్స్చర్ అనవసరం. బీసీ7 అనే కుదింపు పద్ధతిలో ఒక్కటి మిప్‌మ్యాప్‌లతో (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్ళతో) 21 ఎంబీ దాటుతుంది, 2048 అయితే అందులో నాలుగో వంతు. పట్టీలు సూటిగా ఉంటే అదే డిజైన్ మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు, 2048 బాగా సరిపోతుంది.

భద్రకాళి గట్టు:
అక్కా, మరి కలపొచ్చా కలపకూడదా? అది చెప్పలేదు.

వెర్టెక్స్ అక్క:
నన్నడిగితే కలపొచ్చు. కోత వాళ్ళదైతే బట్ట వాళ్ళదే. ఆ కోతను గౌరవించాక పైన ఏ ఊరి నేత పరిచినా నాకు నచ్చుతుంది. కత్తి ఒప్పుకోడు, నాకు తెలుసు.

కరీంనగర్ కత్తి:
ఒప్పుకోను. కోత ఒకరిదీ నేత ఒకరిదీ అయితే పేరులో ఇద్దరూ ఉండాలి.

హన్మకొండ పిక్సెల్:
ఐదు రోజులు పట్టింది. యూవీ మొత్తం తీసేసి పట్టీలుగా పరిచాను. చిలకలు పోయాయి, డైమండ్లు సన్నటి తలుపు చెక్కల్లా నిలువుగా నిలబడ్డాయి. ఎడమ అంచు పైకి వచ్చింది. కొత్త బొమ్మ పైన పెట్టాను, మగ్గం అన్నా, నాన్నకు ఇంకోసారి చూపించవా?

ఒక ఇబ్బంది మిగిలింది. నడిస్తే బాగుంది, పరుగెత్తితే మోకాలు గుడ్డలోంచి బయటికి పొడుచుకొస్తోంది.

వెర్టెక్స్ అక్క:
వస్తుంది మరి. కిమోనో కింద ఇరుకు, కట్టుకున్నవాళ్ళు చిన్న చిన్న అడుగులు వేస్తారు. ఆటలో పరుగు ఎవరి కోసమూ ఆగదు. రెండు తొడల ఎముకల వెయిట్లు ముందు మధ్య గీత దగ్గర సగం సగం పంచు. అయినా పొడుచుకొస్తే పోరాడే అమ్మాయిలకు కూడా హకామా వేసేయ్, గుర్రం ఎక్కేవాళ్ళ కోసం రెండు కాళ్ళకు వేరుగా కుట్టింది ఉంటుంది.

కొత్తవాడ మగ్గం:
చూపించాను. "ఇప్పుడు నేసినట్టుంది" అన్నాడు. తర్వాత కాసేపాగి, "నడుం పట్టీ మరీ బిగించిండు, పిల్లకు ఊపిరాడుతదా?" అన్నాడు.

హన్మకొండ పిక్సెల్:
ఓబీ (ఆ నడుం పట్టీ) రెండు పాయింట్లు వదులు చేశాను. పేరు సంగతి ఇంకా తేలలేదు, కత్తి అన్నా, నువ్వే ఒకటి చెప్పు.