హైస్కూలు పిల్లల చేత పుస్తకాలు చదివించడం ఎలా?

తెలుగు పంతులు: జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆరో తరగతిలో కథల పుస్తకం కోసం కొట్టుకునే పిల్లలే తొమ్మిదికి వచ్చేసరికి బీరువా వంక కూడా చూడటం లేదు. చదివి అరపేజీ సమీక్ష రాస్తే బహుమతి అన్నాను, వెనక అట్ట మీద ఉన్నదే ఎక్కించి తెచ్చారు. (లైబ్రరీ పీరియడ్‌ను లెక్కల వాళ్లు లాగేసుకుంటారు, అది వేరే గోడు.) మీ బళ్లలో ఏం పనిచేసింది?

గోదారి మేడమ్: ముందు ఆ సమీక్ష ఆపేయండి సార్, చదివితే రాయాలంటే ఎవరైనా అన్నిటికన్నా సన్న పుస్తకమే ఏరుకుంటారు. ఆంధ్రలో 2020లో బడిపిల్లల చేత పుస్తకాలు చదివించే 'చదవడం మాకిష్టం' కార్యక్రమం మొదలైనప్పుడు మేం బీరువా తాళం తీసి, వరండాలో తాడు కట్టి పుస్తకాలన్నీ అట్టలు కనపడేలా వేలాడదీశాం, రిజిస్టరు టెన్త్ ఆడపిల్లల చేతికిచ్చాం. కొన్ని పోయాయి. స్టాకులో తేడా వస్తే డబ్బు ఎవరు కట్టాలన్న భయంతోనే చాలా బళ్లలో ఆ బీరువా తెరవరు.

ఓ నాన్న, హైదరాబాద్: మావాడు ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఒక పేజీకి పది నిమిషాలు పడుతుంది, ఇంక ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది? స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలు చూపిస్తే 'చిన్నపిల్లలవి' అని మొహం తిప్పుకున్నాడు. క్రికెట్ పేజీ మాత్రం రోజూ కూడబలుక్కుని చదువుతున్నాడు. నేను ఆపట్లేదు, అదీ చదువే.

పాత పాఠకుడు: మా రోజుల్లో చందమామ వస్తే ఇంట్లో యుద్ధమే, ఇప్పుడంతా ఫోన్లే.

గోదారి మేడమ్: ఫోన్ని తిట్టి లాభం లేదండీ. చందమామలో సీరియల్ సరిగ్గా గండం దగ్గర ఆగేది, నెలంతా దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. అదే చేయొచ్చు: క్లాసు చివర ఐదు నిమిషాలు నవల పైకి చదివి, మంచి టెన్షన్‌లో ఆపేసి, ఆ పుస్తకం టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోండి. ఒకడు తీసుకెళ్తాడు, మర్నాటికి తర్వాత ఏమైందో చెప్పేసి మిగతావాళ్లని ఏడిపిస్తాడు. మనం మంచి పుస్తకం అంటే వినరు, పక్కవాడు అంటే లాక్కుంటారు.

తెలుగు పంతులు: సోమవారమే మొదలుపెడతా. తాడు సంగతి మాత్రం, వానాకాలం ఏం చేస్తారు మేడమ్?

గోదారి మేడమ్: స్టాఫ్ రూమ్‌లో కడతాం సార్. మొదట్లో లోపలికి రావడానికి జంకేవాళ్లు, ఇప్పుడు మా టీ కూడా తాగనివ్వరు.