మాత్రల అట్ట చదవడం నేర్పించేదెలా?

ప్రశ్న: కృష్ణలంక సాయంత్రపు బడి

విజయవాడ కృష్ణలంకలో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు పదిహేడు మంది మహిళలకు చదువు చెబుతున్నాను. ఎక్కువ మంది ఇళ్లలో పనిచేసేవారు, ఇద్దరు టిఫిన్ బండి నడిపేవారు. గుణింతాలు పూర్తయి, చిన్న వాక్యాలు కూడబలుక్కుని చదువుతున్నారు. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం ఉల్లాస్‌లో అక్షరాలు, అంకెలతో పాటు ఆరోగ్యం, డబ్బు లావాదేవీల వంటివి కూడా నేర్పాలన్నారు కనుక ఆరోగ్యం మీద నాలుగు పాఠాలు చెప్పాను. చేతులు కడుక్కోవడం గురించీ, నీళ్లు కాచి తాగడం గురించీ ఏది అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పారు. నేనూ మురిసిపోయాను.

పోయిన వారం వారిలో ఒకావిడ కళ్లు తిరుగుతున్నాయంటూ వచ్చి, సంచిలోంచి రెండు అట్టలు తీసి చూపించారు. రంగులు వేరు, కంపెనీ పేర్లు వేరు, లోపల ఉన్నది మాత్రం ఒకే బీపీ మందు. పాతది దొరక్క షాపులో వేరే కంపెనీది ఇస్తే, అది ఇంకో మందనుకుని పది రోజులుగా రెండూ వేసుకుంటున్నారు. వెంటనే డాక్టరు దగ్గరకు పంపాను, ఇప్పుడు కుదుటపడ్డారు. అయితే నా నాలుగు పాఠాల్లో ఒక్క ముక్క కూడా ఆవిడకు అక్కరకు రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: గుంటూరు నర్సు

నీళ్లు కాచి తాగాలని వారికి తెలియక కాదమ్మా, గ్యాసు ఖర్చు చూసుకుని మానేస్తారు. తెలిసినదే అడిగితే జవాబు రాకేం చేస్తుంది? తెలియనిది మందుల చీటీ. మొన్న వార్డు నుంచి ఇంటికి వెళ్తున్న ఒక పెద్దాయన, రాత్రిబడిలో అంకెలు నేర్చుకున్నానని గర్వంగా చెబుతూ, చీటీ మీద 1-0-1 అని ఉన్నదాన్ని ‘నూట ఒకటి’ అని చదివారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి అని ఆయనకు అంతవరకూ ఎవరూ విడమరిచి చెప్పలేదు. రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఉంటే మంచిదేనని నమ్మి, వారాల తరబడి మళ్లీ రానివారినీ చూశాను.

ఇంకొక మాట. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకండి, అందరూ తల ఊపుతారు. ‘ఇంటికి వెళ్లాక మీ కోడలు అడిగితే ఏమని చెబుతారు?’ అని అడగండి. వారి నోట తిరిగి వచ్చినప్పుడే, మనం చెప్పినదానిలో ఎక్కడ తేడా వచ్చిందో బయటపడుతుంది.

జవాబు 2: మందుల షాపు, గవర్నరుపేట

మా వైపు తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటున్నాను. నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తాం, గడువు తేదీ ఉన్న చివర మా దగ్గరే మిగిలిపోతుంది. బిల్లు అడగడం నేర్పండి, అందులో బ్యాచి నంబరూ గడువూ ఉంటాయి. గడువు నెల, సంవత్సరంగా వేసి ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడవచ్చని కూడా చెప్పండి. ఎర్ర గీత ఉన్న అట్టను డాక్టరు చీటీ లేకుండా అడగకూడదని నేర్పితే అదే పెద్ద పాఠం.

అట్ట మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరూ ఉంటుంది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా, రెండు అట్టలు పక్కపక్కన పెట్టి ఆ పేర్లను పోల్చి చూడవచ్చు. మొదటి రెండు మూడు అక్షరాలు కలిస్తే సరిపోదు, చివరి దాకా చూడాలి. పక్కనున్న అంకెనూ చూడాలి, ఎందుకంటే ఒకే మందు 5 మిల్లీగ్రాముల్లోనూ 10 మిల్లీగ్రాముల్లోనూ వస్తుంది. పోలిక కుదిరినా, ఏది వేసుకోవాలో మందు ఇచ్చినవారినే అడగాలి తప్ప సొంతంగా తేల్చుకోకూడదు.

జవాబు 3: విశ్రాంత వయోజన విద్యా ఉద్యోగి, గుంటూరు

పై ఇద్దరి మాటలూ బాగున్నాయి గానీ, నాకు ఒక అభ్యంతరం ఉంది. అట్ట చదవలేకపోవడం ఆ తల్లి లోపమన్నట్టు పాఠం తయారు చేయకండి. షాపులో ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథే లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవారు తమ ఇంటి గోడునే పాఠంగా చదువుకుని సారా మీదకు కదిలారు. వారు అక్కడ మొదట నేర్చుకున్నది ప్రశ్నించడమే. కాబట్టి షాపు నాటకం వేయించండి. ఒకరు షాపువారు, ఒకరు కొనేవారు. ‘ఇది పాతదానికి బదులా, అదనమా?’ అన్న ఒక్క వాక్యం మొహమాటం లేకుండా అనగలిగేదాకా వారం రోజులైనా సాధన చేయించండి. పల్లెల నుంచి వచ్చేవారుంటే పురుగుమందు డబ్బా మీది రంగు త్రికోణాలు కూడా చెప్పండి. ఎరుపు అన్నింటికన్నా విషం, ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. మిరప చేలకు మందు కొట్టే మా వైపు ఇది తప్పనిసరి.

అడిగినవారి మాట: కృష్ణలంక సాయంత్రపు బడి

ముగ్గురికీ ధన్యవాదాలండి. వాచకం పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చుకోమన్నాను. చాప మీద పరిస్తే ఇద్దరి దగ్గర గడువు దాటినవి బయటపడ్డాయి. నాటకంలో మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు, పమిట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మూడో రోజుకు మాట స్థిరపడింది. నిన్న టిఫిన్ బండి ఆవిడ నిజంగానే షాపులో అడిగారట. ఆయన విసుక్కున్నారు గానీ, చేతిలోని అట్టను తిప్పి, తేదీ ఉన్న చివర ఆవిడకు వచ్చేలా రెండో వైపు నుంచి కత్తిరించి ఇచ్చారట.