జెమినీ ఫారంలో రెండో ప్రశ్న అడగ్గానే మొదటి జవాబు పోతోంది

కొబ్బరాకు:
శివారు రైతులు కాలువ మట్టం నమోదు చేసుకోడానికి చిన్న జెమినీ క్యాప్సూల్ కడుతున్నాం (గూగుల్ ఏఐ కాదు; వెబ్ లాంటి తేలికపాటి ప్రోటోకాల్ జెమినీ, అందులో సైటుని క్యాప్సూల్ అంటారు). సీజీఐ (సర్వరు ఒక ప్రోగ్రాం నడిపి పేజీ తయారుచేయించే పద్ధతి), పైథాన్ స్క్రిప్టు. ఏ డెల్టా, ఏ లాకులు, మట్టం ఎంత అని మూడే ప్రశ్నలు, చివర్లో ఇష్టముంటే రెండు మాటలు. మొదటి జవాబును అడ్రసులో ప్రశ్నార్థకం పక్కనే ఉంచి మళ్లీ 10 (జవాబు అడిగే కోడ్) పంపితే, రెండో జవాబు ఒక్కటే వస్తోంది. పైగా నాలుగు వాక్యాలు రాసినవాళ్లకి 59 (అభ్యర్థన చెల్లదనే ఎర్రర్) వస్తోంది.

లాకుగేటు:
ఆయ్, ప్రోటోకాల్ పద్ధతే అదండీ. 10 అందితే క్లయింటు (చదివేవాళ్ల బ్రౌజరు) అదే అడ్రసు మళ్లీ అడుగుతుంది, ప్రశ్నార్థకం తర్వాత ఉన్నది తీసేసి కొత్త జవాబు పెడుతుంది. పాత జవాబుల్ని ప్రశ్నార్థకానికి ముందుండే భాగంలోకి, అంటే పాత్‌లోకి ఎక్కించాలి.

డెల్టా పేరు టైపు చేయించకండి. తూర్పు, మధ్య, పశ్చిమ అని మూడు లింకులు చాలు. మధ్య డెల్టా లింకు /మట్టం/2 అనుకోండి (చదవడానికి ఇలా రాశాను, పాత్‌కి ఇంగ్లీషు అక్షరాలే వాడండి). అక్కడ 10తో "ఏ లాకులు?" అడగండి. జవాబు మీ పట్టికలో వెతికి, నంబరు 17 అయితే 30తో (వేరే అడ్రసుకి మళ్లించే కోడ్) /మట్టం/2/17కి పంపండి. అక్కడ మళ్లీ 10: "ఎన్ని అడుగులు?" రాసుకున్నాక ఇంకో 30తో వేరే పేజీకి తోసెయ్యండి. ఈ చివరిది మానేస్తే, పేజీ రీలోడ్ చేసిన ప్రతిసారీ అదే మట్టం మళ్లీ నమోదవుతుంది.

నంబరు బదులు పేరే పాత్‌లో పెడితే ఎవరో "4/2" అని కొడతారు, పాత్ రెండు ముక్కలవుతుంది. అడ్రసుకి తగ్గట్టు అక్షరాల్ని మార్చే పైథాన్ కోట్ ఫంక్షన్ మామూలుగా ఆ గీతను ముట్టుకోదు, సేఫ్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి.

ఉప్పుటేరు:
59 సంగతి. అడ్రసు మొత్తం 1024 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో యూనికోడ్ సంకేతం 3 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 9 (ఒక్కో బైటు %E0 లాగ మూడవుతుంది). "అమలాపురం" కంటికి అయిదక్షరాలే, లోపల 8 సంకేతాలు, అంటే 72 బైట్లు. "క్ష" ఒక్కటే 27. ముందు భాగానికి 40 పోతే మిగిలిన 984లో పట్టేది 109 సంకేతాలు. "రెండు మాటలు" అన్నది అక్షరాలా రెండు మాటలే అనుకోండి. అంతకు మించితే టైటన్ (జెమినీకి తోడుగా వాడే అప్‌లోడ్ ప్రోటోకాల్) పెట్టుకోండి, అందులో రాత అడ్రసులో కాకుండా విడిగా వెళ్తుంది.

ఖాళీ జాగా %20గానే వస్తుంది. జవాబుని తిరిగి విప్పడానికి అన్‌కోట్ ప్లస్ వాడితే రైతు కొట్టిన + గుర్తు మాయమవుతుంది, ఉత్త అన్‌కోట్ వాడండి. పట్టికతో పోల్చేముందు ఎన్ఎఫ్‌సీ (యూనికోడ్ సంకేతాల్ని ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) చెయ్యండి: ఐత్వం ఒక సంకేతంగానూ రావచ్చు, రెండుగానూ రావచ్చు. కంటికి రెండూ ఒకటే, పోలిక మాత్రం తప్పుతుంది.

కొబ్బరాకు:
లాకులకు నంబర్లేశాను, పనిచేస్తోందండీ. ఎవరు రాశారో తెలియడానికి ఫోన్ నంబరు 11తో (రహస్య జవాబు అడిగే కోడ్) అడగొచ్చా?

లాకుగేటు:
11 తెరమీద మాత్రమే దాస్తుంది. నంబరు అడ్రసులోనే వస్తుంది, సర్వరు లాగులో పడుతుంది. దానికన్నా 60 పంపి క్లయింటు సర్టిఫికెట్ అడగండి, దాని వేలిముద్రే (సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టే విలువ) గుర్తు. మీ సర్వరు ఆ విలువను స్క్రిప్టుకు ఏ పేరుతో ఇస్తుందో చూసుకోండి, అన్నిటిలో ఒకేలా ఉండదు.